ఫైళ్ల ల్యాబులో మొదటి ప్రోగ్రాం మార్చండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కాలేజీల కంప్యూటర్ అధ్యాపకులకు, విద్యార్థులకు విజ్ఞప్తి

సీ ల్యాబులో ఫైళ్ల పాఠం వచ్చిందంటే ఒకటే గోల: "సార్, ఫైల్ ఈడనే ఉంది, ఓపెన్ అయితలేదు." మార్కుల ఫైల్ కళ్లముందే కనిపిస్తుంటుంది, ఎఫ్‌ఓపెన్ మాత్రం నల్ ఇస్తుంది. విసిగిపోయిన పిల్లలు చివరికి ఫైల్ పూర్తి దారిని (పాత్) ప్రోగ్రాంలోనే రాసేస్తారు. అది పక్క కంప్యూటర్‌లో నడవదు. ఉదాహరణకు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లాలోనివే. దారిలో 'వరంగల్' అని రాసి ఉంచి, ఆ తర్వాత ఫోల్డర్ పేరు మారిస్తే అంతే సంగతులు.

ఉట్టి ఫైల్ పేరు ఇస్తే ప్రోగ్రాం తన కరెంట్ వర్కింగ్ డైరెక్టరీలోనే వెతుకుతుంది. అది ప్రోగ్రాం ఉన్న ఫోల్డరే కావాలని లేదు. కోడ్‌బ్లాక్స్‌లో రన్ నొక్కితే మామూలుగా ప్రాజెక్టు ఫోల్డర్. విండోస్‌లో అదే ప్రోగ్రాం మీద డబుల్ క్లిక్ చేస్తే లోపలున్న డీబగ్ ఫోల్డర్. లినక్స్‌లో వేళకు ప్రోగ్రాం నడిపే క్రాన్‌కు అప్పగిస్తే యూజర్ హోం ఫోల్డర్.

ఏ ఫోల్డర్‌లో ఉన్నావని ప్రోగ్రాంనే అడగవచ్చు. లినక్స్‌లో యూనిస్టీడీ డాట్ హెచ్ చేర్చి గెట్‌సీడబ్ల్యూడీని పిలవాలి. విండోస్‌లో డైరెక్ట్ డాట్ హెచ్, ఫంక్షన్ పేరుకు ముందు అండర్‌స్కోర్. ఒక క్యారెక్టర్ అర్రే, దాని సైజు ఇస్తే దారి అందులో నింపుతుంది. ఇంత చిన్న సంగతి పాఠాల్లో ఎందుకు లేదంటారా? సీ భాష ప్రమాణంలో ఫోల్డర్ అన్న ఊసే లేదు. ఈ ఫంక్షన్ పోసిక్స్ ప్రమాణానిది. భాష నేర్పే పుస్తకాలు చాలావరకు ఆపరేటింగ్ సిస్టం గడప దాటవు, పిల్లలు తట్టుకొని పడేది ఆ గడప దగ్గరే.

అర్రే సైజు సంగతి మన ఊళ్ల పేర్లతోనే చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకు గానీ పొల్లుకు గానీ మరో 3. 'జనగామ'కు 15 బైట్లు, 'మహబూబాబాద్'కు 30, 'భూపాలపల్లి'కి 30. ఈ పేర్లతో ఫోల్డర్లను ఒకదానిలో ఒకటి పెడితే, స్లాష్‌లు, చివరి సున్నా బైటు కలిపి కనీసం 79. మీరు 50 బైట్ల అర్రే ఇస్తే గెట్‌సీడబ్ల్యూడీ నల్ తిరిగిచ్చి, ఎర్నోలో ఈరేంజ్ అనే తప్పు గుర్తు పెడుతుంది. ఆ నల్‌ను చూడకుండా అర్రేను ప్రింట్ చేస్తే తెరమీద చెత్త రావచ్చు. లినక్స్‌లో దారి పొడవుకు పరిమితి అయిన పాత్ మ్యాక్స్ 4096 బైట్లు, అంత అర్రే పెట్టండి, మామూలు అవసరాలకు సరిపోతుంది.

నీలి తెర టర్బో సీ ఇంకా నడుస్తున్న ల్యాబులకు ఇంకో మాట. అది డాస్ కాలపు సరుకు. దాని బదులు జీసీసీ కంపైలర్ వాడండి, పైసా ఖర్చు లేదు. తెలుగు తెరతో లినక్స్‌ను స్వేచ్ఛ సంస్థ ఎప్పుడో చేసి చూపించింది కూడా.

"పరీక్షలో రాదు కదా" అనేవాళ్లు ఉంటారు. రాకపోయినా ల్యాబ్ రికార్డులో చోటుంది. వచ్చే సెమిస్టర్ ఫైళ్ల ల్యాబులో మొదటి ప్రోగ్రాంగా గెట్‌సీడబ్ల్యూడీ రాయించండి. ఎఫ్‌ఓపెన్ విఫలమైన ప్రతిచోటా వర్కింగ్ డైరెక్టరీని ప్రింట్ చేయాలన్న నియమం పెట్టండి. అధ్యాపకులు మరిచిపోతే, విద్యార్థులారా, మీరే అడగండి.