పక్కూరికి తెలిస్తే చాలు

పోయినేడు ఎండాకాలం సెలవుల్లో నేను మా అమ్మ సంపాదించిన మూడు వందల రూపాయలు దండగ చేశాను. ఎట్లా దండగయ్యాయో మీకు చెప్పాలని ఈ వ్యాసం. ఇంట్లో కుట్టుమిషనో, పచ్చళ్ళ పనో, కిరాణా కొట్టో ఉన్నవాళ్ళు మన క్లాసులో చాలామందే ఉన్నాం కదా.

మా ఊరు మర్ఖేల్. నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకా. అమ్మ ముందు అర్రలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది, ఫాల్, పీకో చేస్తుంది. తీరిక దొరికితే చిన్నపిల్లల గౌన్లు కుట్టి పెడుతుంది. "ఆన్‌లైన్‌లో పెడితే గిరాకీ పెరుగుతుందమ్మా" అని నేనే మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌లో దొరికిన మంచి మంచి మెడ డిజైన్లు ఏరి, వాటిమీద ఇంగ్లీషులో 'లేడీస్ ఫ్యాషన్ డిజైనర్' అని రాసి, ఫోటోలు పెట్టే ఒక యాప్‌లో డబ్బు కట్టి ప్రకటన ఇచ్చాను. ప్రకటన ఏ ఊళ్ళవాళ్ళకి కనపడాలో ఎంచుకోవాల్సిన చోట నేను ఏమీ ఎంచుకోలేదు. మూడు రోజుల్లో లైకులు బాగానే వచ్చాయి, పుణె నుంచి, నాగపూర్ నుంచి. అమ్మ ఒక్కటే మాట అడిగింది: "మెచ్చుకున్నోళ్ళు మస్తుమంది ఉన్నరు గని, బట్ట తెచ్చినోళ్ళు ఏరి బిడ్డా?"

తెచ్చింది ఒక్కామె. ఆమె కూడా ఫోటో చూపించి "అచ్చం ఇట్లనే కావాలె" అన్నది. అది మగ్గం పని. అమ్మకి మగ్గం పని రాదు. వచ్చిన ఆమెకి సర్దిచెప్పలేక అమ్మ తలవంచుకున్నది. ఆ తలవంపు నా వల్ల వచ్చింది.

చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్ ప్రచారం అనగానే మనకి చెప్పేవన్నీ పెద్ద మాటలే. రోజుకో రీల్ పెట్టు, ఫాలోవర్లని పెంచు, ప్రపంచమే నీ మార్కెట్టు అంటారు. నా అభిప్రాయం వేరు. జాకెట్ కుట్టే మనిషికి ప్రపంచంతో పని లేదు. బస్సులో గంటలోపు వచ్చి పోగలిగే ఊళ్ళవాళ్ళకి ఆమె ఏం చేస్తుందో, ఎంతకి చేస్తుందో, ఎప్పుడు ఇస్తుందో తెలిస్తే చాలు. ఈ మూడు ముక్కలు నిజంగా, వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పడమే ప్రచారం.

అయితే 'అర్థమయ్యే భాష' అన్నది మా దగ్గర తేలిక సంగతి కాదు. ఇంగ్లీషు పోస్టర్ తీసేసి, తెలుగు విద్యార్థినిని కాబట్టి గర్వంగా తెలుగులో ఒకటి రాశాను. అమ్మ దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగం మంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ వాళ్ళు చదువుకున్నది మరాఠీ బళ్ళో. తెలుగు మాటలు వస్తాయి, తెలుగు అక్షరాలు రావు. అదే జుక్కల్, మద్నూర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు తెలుగు చదువుతారు, మరాఠీ చదవలేరు. 1956కి ముందు జుక్కల్, బిచ్కుంద సర్కిళ్ళు కూడా మా దెగ్లూర్ తాలూకాలోవే. రాష్ట్రాల పునర్విభజనలో అవి ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, మిగతా తాలూకా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. మాట ఒక్కటే మిగిలింది, బడి రెండయింది. నా పోస్టర్ సరిగ్గా ఆ గీత మీద ఆగిపోయింది.

అప్పుడు చేసిన పని చాలా చిన్నది. అమ్మ గొంతునే రికార్డు చేశాం. "అక్కా, దసరా జాకెట్లు ఇచ్చేటోళ్ళు పెత్రమాస లోపల తెచ్చియ్యిండ్రి. ఆ తర్వాత తెస్తే పండుగకి అందయి. అస్తరు జాకెట్ రెండొందల యాభై. ఆది జాకెట్ మరిచిపోకుండ్రి." అంతే. దాని కింద అవే మాటలు మరాఠీలో రెండు లైన్లు, తెలుగులో రెండు లైన్లు రాశాను. పెత్రమాస రాకముందే సంచులు వరసగా వచ్చాయి. వచ్చినవాళ్ళు ధర అడగలేదు, తేదీ అడగలేదు. రెండూ ముందే విన్నారు.

ఈ ఏడాదిలో నేను తప్పులు చేసి నేర్చుకున్నవి ఇంకొన్ని ఉన్నాయి.

ఫోటో మన చేతి పనిదే ఉండాలి. అమ్మ కుట్టిన జాకెట్‌ని హ్యాంగర్‌కి తగిలించి, పగటి వెలుతురులో తలుపు దగ్గర తీస్తే చాలు. కట్టుకున్న మనిషి ఫోటో మాత్రం ఆమెని అడగకుండా పెట్టొద్దు. అడిగితే మొహమాటానికి సరే అంటారు కాబట్టి అడగకపోవడమే మేలని నాకు అనిపిస్తుంది.

ధర దాచొద్దు. 'వివరాలకు మెసేజ్ చేయండి' అని రాస్తే గిరాకీ పెరుగుతుందని కొందరు చెప్తారు. మా ఊళ్ళ ఆడవాళ్ళు తెలియని నంబరుకి మెసేజ్ చేసి ధర అడగరు. మనకెందుకులే అనుకుని ఊరుకుంటారు.

గ్రూపు పెట్టొద్దు. మొదట నేను వాట్సాప్‌లో గ్రూపే పెట్టాను. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఒక వదినకి ఎవరో ఫోన్ చేసి విసిగించారట. ఆమె మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే ఎవరి నంబరూ ఇంకొకరికి కనిపించదు. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు. అయితే మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. కాబట్టి బట్ట ఇచ్చేటప్పుడే "అక్కా, ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని అడగాలి. దుకాణానికి వేరే సిమ్ తీసుకుని దానిమీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే ఇంటి నంబరు ఊరంతా తిరగదు. ఆడవాళ్ళు నడిపే పనికి ఇది ముందు చూసుకోవాల్సిన సంగతి.

గూగుల్‌లో దుకాణం పేరు, దారి, పనివేళలు పెట్టడానికి పైసా ఖర్చు లేదు. కానీ పెట్టిన వేళలకి తలుపు తెరిచి ఉండాలి. పక్కూరి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి తాళం చూసి వెనక్కి పోతే మళ్ళీ రాదు.

పైసలు తీసుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. మనకి డబ్బు రావడానికి యు.పి.ఐ. పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. "పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అన్నవాడు దొంగ. ఇది అమ్మలకి చెప్పి ఊరుకోకుండా, ఒకసారి చేసి చూపించాలి.

ఇక చిన్నపిల్లల గౌన్లు అమ్మకాల యాప్‌లో పెడదామని చూస్తే మళ్ళీ అదే గీత ఎదురైంది. 2023 అక్టోబర్ 1 నుంచి, టర్నోవర్ పరిమితి దాటని చిన్న వ్యాపారులు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేకుండా, ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని యాప్‌లలో వస్తువులు అమ్ముకోవచ్చు. కానీ సొంత రాష్ట్రం లోపలే. అంటే అమ్మ కుట్టిన గౌను కొల్హాపూర్ పోవచ్చు గానీ, పక్కనున్న జుక్కల్‌కి పంపాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. జుక్కల్ అక్క తానే వచ్చి మా అర్రలో కొనుక్కుపోతే ఏ చిక్కూ లేదు. అందుకే కూడా అంటున్నాను, మనలాంటి వాళ్ళకి వస్తువుని దూరం పంపడం కంటే మనిషిని దగ్గరికి రప్పించడం మేలు.

"ఇదంతా కామర్స్ వాళ్ళ పని, తెలుగు వాళ్ళకెందుకు?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. యాప్ వాడటం ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. ఎవరితో ఏ మాట, ఏ యాసలో, ఎంత పొట్టిగా చెప్తే పని జరుగుతుందో తెలుసుకోవడం మాత్రం భాష చదివేవాళ్ళ పనే. నా ఇంగ్లీషు పోస్టర్ చేయలేని పని, నా అచ్చ తెలుగు పోస్టర్ కూడా చేయలేని పని, అమ్మ నాలుగు మాటలు చేశాయి. మనం చదివే చదువు ఆ నాలుగు మాటల్ని గుర్తుపట్టేలా చేయకపోతే ఎందుకు?

మేడమ్‌లకి ఒక విన్నపం. ఈసారి సెలవులకి మాకు ఇచ్చే అసైన్‌మెంట్ ఇదే పెట్టండి. ఒక్కొక్కరం మా వీధిలో ఒక చిన్న దుకాణం చూసుకుని, ఆ దుకాణం వాళ్ళ మాటల్లోనే ఐదు లైన్లు రాసి, వాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళు ఒప్పుకున్నాకే తీసుకొస్తాం. మార్కులు మాకు వస్తాయి, గిరాకీ వాళ్ళకి వస్తుంది.

నా మూడు వందలు ఇంకా బాకీనే ఉన్నాయి. ఇస్తానంటే అమ్మ తీసుకోవడం లేదు. "సంక్రాంతికి ఏం చెప్పాల్నో ముందు అది రాయి" అంటున్నది.