లంఖణం ఎవరికి పరమౌషధం?

"లంఖణం పరమౌషధం" అన్న మాట మన ఇళ్ళలో వైద్యుని కంటె ముందే వచ్చి పీట వేసుకుని కూర్చుంటుంది. మితిమీరి తిని అజీర్తి తెచ్చుకున్న పెద్దవానికి అది హితవాక్యమే కావచ్చును. అయితే మా కర్నూలు, కడప సీమలో ఆ మాటను ఏడాదిన్నర పసిబిడ్డకూ వర్తింపజేస్తున్నారు. బిడ్డకు కక్కులు, భేదులు పట్టుకోగానే ఇంటి అవ్వ నోట వెలువడే మొదటి తీర్పు ఇది: "ఒక పూట కడుపు ఎండగట్టమ్మా, అదే తగ్గుతాది." ఆ ఒక పూట రెండు పూటలవుతుంది. పాలు మాన్పిస్తారు. పెరుగు జలుబు చేస్తుందంటారు, పప్పు అరగదంటారు, అరటిపండు మందమంటారు. నాలుగవ నాటికి భేదులు కట్టుకుంటాయి గాని, బిడ్డ డొక్కలు తేలి ఉంటాయి. ఆ డొక్కలను తేల్చినది రోగమా, మనమా?

నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. భేదుల వేళ పసిబిడ్డకు ఆకలి విశ్రాంతి కాదు, అది రెండవ రోగం. మొదటిది చాలావరకు తనంతట తానే పోతుంది. రెండవది మనం పెట్టినది గనుక మనమే తీయాలి.

ఈ లంఖణానికి శాస్త్రం అండ ఉన్నదని వాదించేవారున్నారు. చరకసంహిత సూత్రస్థానంలో ఇరవై రెండవ అధ్యాయం పేరు "లంఘన బృంహణీయం". లంఘనమంటే తేలిక పరచడం, బృంహణమంటే పుష్టి కలిగించడం. రెండింటినీ ఒకే అధ్యాయంలో జంటగా నిలిపితే, మనం మొదటి సగం పట్టుకుని రెండవ సగాన్ని గట్టున వదిలేశాము. పథ్యం అన్న మాటకూ ఇదే గతి పట్టింది. దాని అసలు అర్థం హితమైనది, తినదగినది అని. మన వాడుకలో అది తినకూడని వాటి జాబితాగా మారిపోయింది.

పెద్దవాని ఒంట్లో ఒకటి రెండు రోజులకు సరిపడే నిల్వ ఉంటుంది. పసివాని కొట్టు చిన్నది, ఖర్చు పెద్దది. ఎదుగుదల ఒక్క రోజు కూడా సెలవు తీసుకోదు. పైగా పేగు లోపలి పొర తన పోషణలో ఎక్కువ భాగాన్ని తన మీదుగా సాగిపోయే ఆహారం నుంచే తీసుకుంటుంది. తిండి ఆపితే దెబ్బతిన్న ఆ పొర మానడం ఆలస్యమవుతుంది. రోగం లోపల పడగొట్టిన గోడను కట్టే కూలీలకు మనం కూడు నిలిపివేస్తున్నామన్నమాట.

తిండి కంటె ముందు నీటి మాట చెప్పాలి. భేదుల్లో బిడ్డ ప్రాణం తీసేది నీరు, ఉప్పు కోల్పోవడమే. మా సీమ ఎండాకాలంలో ఆ నష్టం మరింత త్వరగా ముంచుకొస్తుంది. చక్కెర తోడుంటే పేగు ఉప్పును లోనికి తీసుకుంటుందనీ, ఉప్పు వెంట నీరు పోతుందనీ 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. చాలా భేదుల్లో ఆ ద్వారం తెరిచే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు చాలని వేళ, బన్‌గావ్‌లో దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు-గ్లూకోజు నీటినే పీపాలలో కలిపి తాగించాడు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. నేటి ఓఆర్‌ఎస్ పొట్లం ఆ వంశానిదే. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం క్లోరైడు, సిట్రేటు. లీటరు పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తంగా కలపాలి. చిటికెడు చిటికెడుగా కలిపితే ఆ లెక్క తప్పుతుంది. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి భేది తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. కక్కుకుంటే పది నిమిషాలు ఆగి, మరింత నిదానంగా మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇక్కడే బజారు మన అమాయకత్వాన్ని సొమ్ము చేసుకుంది. ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పేరులో తగిలించుకున్న తీపి పానీయాలు ఏళ్ళ తరబడి మందుల దుకాణాలలో అమ్ముడుపోయాయి. వాటిలో పలువాటిలో చక్కెర పైన చెప్పిన లెక్కకు ఎన్నో రెట్లు. అంత చక్కెర పేగులోకి నీటిని లాగి భేదులను పెంచుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై కొన్నేళ్ళ పాటు పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సూత్రానికి కట్టుబడని పానీయాల మీద ఆ అక్షరాలు ఉండరాదని ఆదేశించింది. ఆ పోరాటాన్ని తెలుగువారు తగినంతగా తలచుకోలేదని నా ఫిర్యాదు.

ఇక తిండి. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపనక్కరలేదు. మిగతా సరంజామా అంతా మా సీమ వంటింట్లోనే ఉన్నది. ఉప్పు వేసిన బియ్యపు గంజి, మెత్తగా చిదిమిన పెసరపప్పు అన్నం, పెరుగన్నం, కడప జిల్లా తోటల అరటిపండు, ఉడికించి మెదిపిన ఉర్లగడ్డ. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరిన పిండితో జావ కాచే పద్ధతి మరీ మేలైనది. మొలకెత్తిన గింజలోని ఎంజైము పిండిని పలుచబరుస్తుంది, కనుక నీళ్ళు గుమ్మరించకుండానే జావ మింగుడు పడుతుంది. గిన్నెడు నీళ్ళ జావతో నిండిపోయే చిన్న పొట్టకు ఈ భేదం చిన్నది కాదు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టాలి. బిడ్డ మొగం తిప్పుకుంటే గొంతులో కుక్కకూడదు. అడిగినప్పుడు లేదనకూడదు.

అసలు అన్యాయం జరిగేది భేదులు కట్టుకున్న తర్వాత. "తగ్గింది కదా" అని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. బిడ్డకు ఆకలి తిరిగి వచ్చేది అప్పుడే, పోయిన బరువును రాబట్టుకునే అవకాశమూ అప్పుడే. మనమేమో పథ్యం పేరిట మరో వారం మజ్జిగ మెతుకులతో సరిపెడతాము. రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెట్టమన్నది వైద్యుల మాట. అన్నంలో ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని, ఒక కోడిగుడ్డు, కర్నూలు వారు బుడ్డలనీ కడప వారు చెనక్కాయలనీ పిలిచే ఆ గింజలను వేయించి మెత్తగా నూరిన పొడి చాలు. గింజలు గింజలుగా మాత్రం వద్దు, పసివాని గొంతుకు అడ్డం పడతాయి. దానికి తోడు జింకు మాత్ర: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, పది నుంచి పద్నాలుగు రోజులు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి చెప్పిన మాట ఇది. భేదులు ఆగగానే ఈ మాత్రనూ ఆపేసే ఇళ్ళే ఎక్కువ.

అవ్వలను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. తిండి పెట్టగానే భేది అయితే, తిండి ఆపితే భేది ఆగుతుందనుకోవడం కంటికి కనిపించే తర్కమే. కానీ అక్కడ కొలవవలసినది భేదులు ఎన్నిసార్లయినవన్నది కాదు, బిడ్డలో ఎంత మిగిలినదన్నది. ఆ మిగులు తరిగిపోతున్నదని చెప్పే గుర్తులు వేరే ఉన్నవి: కళ్ళు గుంటలు పడడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, ఆరేడు గంటలు మూత్రం లేకపోవడం, మగతగా పడి ఉండడం, ఏదీ తాగలేకపోవడం, భేదిలో నెత్తురు. వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి పోవలసినదే. పెద్దలు వేసుకునే భేదులు కట్టే మాత్రను మాత్రం బిడ్డకు ఎన్నడూ వేయరాదు.

రోగం రాకుండా చూసే పని ఇంటిది మాత్రమే కాదని నాకు తెలుసు. 2021 ఏప్రిల్‌లో అప్పటి కర్నూలు జిల్లాలో, ఆదోనిలోనూ గోరుకల్లులోనూ అతిసారం ప్రాణాలు తీసింది. మంచినీరు ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వానిది. 2016లో దేశంలో రోటావైరస్ టీకా మొదలైన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది మెచ్చదగినదే. అయినా అన్ని భేదులూ ఆ టీకాకు లొంగవు. వచ్చిన రోగం ముందు గిన్నె పట్టుకుని కూర్చోవలసినది మాత్రం ఇంటివాళ్ళే.

ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని మా సీమ నేటికీ తలుచుకుంటుంది. 1866 నాటి కరువులో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టి నిలబెట్టినందుకే ఆయనకు ఆ పేరు. కడుపు మాడడమంటే ఏమిటో ఇన్ని కరువుల్లో చూసిన నేల ఇది. అటువంటి నేల మీద, ఇంట్లో గింజలుండగా, ఒక బిడ్డ వైద్యం పేరిట పస్తుండడం నాకు మింగుడు పడదు. లంఖణం పెద్దలు ఉంచుకోండి. బిడ్డకు గంజి కాచండి.