పంపుకు అప్పు ఇచ్చే ముందు ప్రెషర్ ఎంతో అడగండి

కొంచెం పొడుగు రాత. బండి ఉన్నవాళ్ళు చివరిదాకా చదవండి, నిధి లెక్క చూసే పెద్దలు తప్పకుండా చదవండి.

మన అత్యవసర నిధి నుంచి పాత లారీలకు ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంపు వేయించుకోవడానికి అప్పు ఇవ్వాలని ప్రతిపాదన వచ్చింది. గ్రూపులో దానికి దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు చాలానే పడ్డాయి. హోసూరు, కృష్ణగిరి వైపు ఒకటీ రెండు బండ్లతో బతుకుతున్న మేము కొంతమందిమి దీన్ని ఒప్పుకోవడం లేదు. బండి ఆగిపోయిన ఇంటికి సంఘం డబ్బు ఇవ్వాల్సిందే. అయితే ఆ డబ్బు రోగం ఉన్న చోటికి పోవాలి. రోగం ఒకచోట, మందు ఇంకోచోట అయితే బండి మళ్ళీ దారిలో ఆగుతుంది, అప్పు మాత్రం ఇంట్లో కూర్చుంటుంది.

ముందు ఈ పంపు సంగతి తెలుసుకుందాం. పుస్తకంలో లిఫ్ట్ పంపు అని రాసేదాన్నే షెడ్డులో మనం ఫీడ్ పంపు అంటాం. ఇంజెక్షన్ పంపును మనవాళ్ళు ఇప్పటికీ మైకో పంపు అంటారు. 1951లో మొదలైన ఆ మైకో కంపెనీ పేరు 2008లో బాష్ అయింది, షెడ్డులో మాత్రం పాత పేరే నిలిచింది. ఆ ఇన్‌లైన్ పంపు పక్కకు బోల్టు వేసి ఉండేదే ఫీడ్ పంపు. మైకో పంపు క్యామ్ తిరిగినప్పుడల్లా లోపలి ప్లంజర్ ఆడుతుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగి, ఫిల్టర్ల గుండా ఇంజెక్షన్ పంపుకు అందించడం దాని పని. మిగిలిన డీజిల్ ఓవర్‌ఫ్లో వాల్వు దాటి ట్యాంకుకు తిరిగిపోతుంది. ఈ పాత పద్ధతిలో ప్రెషర్ సాధారణంగా 1 నుంచి 2 బార్ మధ్య ఉంటుంది. మీ బండికి కచ్చితంగా ఎంత ఉండాలో సర్వీసు పుస్తకంలో రాసి ఉంటుంది.

అంత తక్కువ ప్రెషరే, కానీ అది తగ్గితే బండికి ఆకలి. ఖాళీగా ఉన్నప్పుడు తెలియదు. సేలం నుంచి లోడుతో తొప్పూరు ఘాటు ఎక్కేటప్పుడు, చిత్తూరు నుంచి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. గేరు మీద గేరు దించుతాం, పొగ లేదు, బలం లేదు, ఇంజన్ దగ్గి ఆగుతుంది. ఇంజన్ ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, బ్రేకు ట్యాంకులోకి కొత్త గాలి రాదు. పవర్ స్టీరింగు ఉన్న బండికి స్టీరింగు బిగుసుకుంటుంది. వెనక లైనుగా బండ్లు. అందుకే ఇది మైలేజీ గొడవ మాత్రమే కాదంటున్నాం, మన పిల్లల ప్రాణాల సంగతి.

మరి షెడ్డులో ఏం జరుగుతోంది? బండి లాగడం లేదు అనగానే చాలా చోట్ల వచ్చే మొదటి మాట, మైకో పంపు పోయింది. రెండో మాట, నాజిళ్ళు పోయాయి. గేజీ పెట్టి ప్రెషర్ చూసిన షెడ్డు ఎక్కడో ఒకటి. మా సభ్యుడొకరు ఇలాగే ఇంజెక్షన్ పంపు పూర్తిగా విప్పించి కొత్త ఎలిమెంట్లు వేయించారు. వారం తిరగకముందే అదే ఘాటులో అదే దగ్గు. ఆఖరికి దొరికింది ఏమిటంటే, ట్యాంకు నుంచి వచ్చే పాత రబ్బరు పైపు లోపలి పొర ఊడి, లాగినప్పుడల్లా మూతలా అడ్డంపడుతోంది. పైన చూస్తే పైపు బాగానే ఉంది. మీటరు పైపు ఖర్చుతో పోయే రోగానికి ఆ ఇంట్లో నగలు బ్యాంకుకు వెళ్ళాయి.

ఇప్పుడు ఎలక్ట్రిక్ పంపు మోజు. దాన్ని అమ్మేవాళ్ళు చెప్పే మాట, ఫీడ్ బలం పెరిగితే బండి బలం పెరుగుతుందని. ఇన్‌లైన్ పంపులో ఇది జరగదు. ఎంత డీజిల్ కొట్టాలో నిర్ణయించేది మైకో పంపులోని ఎలిమెంటు, ర్యాకు. దాని గ్యాలరీ నిండుగా ఉంటే చాలు, అంతకు మించి ఎంత తోసినా అది ఓవర్‌ఫ్లో దారినే ట్యాంకుకు పోతుంది. ఆకలితో ఉన్న బండికి ఆకలి తీరుతుంది, అంతే.

ఇంకో ప్రమాదం ఉంది. ఫీడ్ పంపు స్పిండిల్ అరిగిపోతే డీజిల్ మైకో పంపు క్యామ్ బాక్సులోకి కారుతుంది. ఇంజన్ ఆయిల్‌తో నడిచే పంపు అయితే అక్కడి నుంచి నేరుగా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గడం లేదు, పైగా పెరుగుతోందని కొందరు తమ్ముళ్ళు సంతోషపడుతుంటారు. సంతోషం కాదు తమ్ముడూ, బేరింగులకు గండం అది. అలాంటి బండికి వెనక నుంచి ఎలక్ట్రిక్ పంపుతో ఇంకా తోస్తే కారడం ఇంకా పెరుగుతుంది.

కాబట్టి తక్కువ ఖర్చులో ఫీడ్ బాగుచేసుకోవాలంటే ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది ముఖ్యం. మైకో ఇన్‌లైన్ పంపు ఉన్న పాత బండ్లకు మేము పాటిస్తున్న వరుస ఇది.

1. గేజీ. 0 నుంచి 4 బార్ చూపే మామూలు ప్రెషర్ గేజీ, దానికి సరిపోయే బాంజో అడాప్టరు. ఫిల్టరుకు ముందు ఒకసారి, ఫిల్టరు తర్వాత ఒకసారి చూడండి. ముందు బాగుండి తర్వాత పడిపోతే ఫిల్టరు మూసుకుపోయింది. రెండుచోట్లా తక్కువుంటే ట్యాంకు వైపో, ఫీడ్ పంపో, ఓవర్‌ఫ్లో వాల్వో. ఐడిలింగులో మాత్రమే చూసి వదలొద్దు, లోడు మీద చూడాలి. గేజీ పైపును క్యాబిన్ లోపలికి మాత్రం తేవద్దు. బయట అద్దం దగ్గర కడితే పక్క సీటు నుంచి చూడొచ్చు.

2. క్యాన్ పరీక్ష. శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, తెల్లగా కనబడే డీజిల్ పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు కలిపి బండి స్టార్టు చేయండి. రిటర్న్ ట్యాంకుకే పోతుంది కాబట్టి క్యాన్ త్వరగా ఖాళీ అవుతుంది, దగ్గరుండి చూడండి. క్యాన్ మీద బాగా నడిచి ట్యాంకు మీద నడవకపోతే పంపు నిర్దోషి. దోషం ట్యాంకు జాలీలోనో, పైపులోనో, వాషర్‌లోనో ఉంది. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. మూత వదులు చేస్తే బండి లాగిందంటే రోగం దొరికినట్టే.

3. పైపులు, వాషర్లు. పొద్దున్నే ప్రైమరు కొట్టనిదే స్టార్టు కాని బండికి చాలాసార్లు కారణం లాగే వైపు గాలి చొరబడటమే. అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కంటికి కనబడదు. రాగి వాషర్లు కొత్తవి వేయండి. పైపు మారిస్తే డీజిల్‌కు తగినదే వేయండి, నీళ్ళ పైపు ముక్క వద్దు.

4. ఫిల్టర్లు, వాటర్ సెపరేటరు. రెండు గిన్నెల ఫిల్టరులో ఒకటే మార్చి రెండోది కడిగి బిగించే అలవాటు మానాలి. నీళ్ళు వదిలే స్క్రూ ఉన్నది వారానికోసారి తిప్పడానికే.

5. అప్పుడు ఫీడ్ పంపు. రిపేరు కిట్టు వందల్లో దొరుకుతుంది. స్పిండిల్, బాడీ అరిగి ఉంటే కిట్టు దండగ, మంచి కంపెనీ కొత్త ఫీడ్ పంపు కొన్ని వేలతో అయిపోతుంది. ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు కూడా చూపించండి. అది బలహీనపడితే కొత్త పంపు వేసినా ప్రెషర్ నిలవదు.

6. ఇవన్నీ అయ్యాకే ఎలక్ట్రిక్ మాట. ట్యాంకు దూరంగా ఉండి నిజంగా అవసరమైతే తక్కువ ప్రెషర్ డీజిల్ పంపును ట్యాంకు దగ్గరే, కింది వైపు బిగించాలి. ఈ పంపులకు తోయడం వచ్చినంతగా లాగడం రాదు. రిలే, ఫ్యూజు, ఇంజన్ ఆగితే పంపు ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్చి ఉండాల్సిందే. లేకపోతే యాక్సిడెంటులో పైపు తెగినా పంపు డీజిల్ పోస్తూనే ఉంటుంది. పెట్రోలు ఇంజెక్షన్ కార్ల పంపు చవకగా దొరికిందని తెచ్చి వేయొద్దు. అది ఇచ్చే ప్రెషర్ ఈ పద్ధతికి చాలా ఎక్కువ.

2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాయి. కామన్ రైల్ బండ్లలో వెయ్యి బార్ దాటిన ప్రెషర్ మీద పని. అక్కడి హై ప్రెషర్ పంపుకు డీజిలే చల్లదనం, డీజిలే నూనె. డీజిల్ సరిగా అందకపోతే లోపల లోహం అరిగి, ఆ పొడి రైలుకు, ఇంజెక్టర్లకు పాకుతుంది. ఆ బండ్లకు మేము పైన చెప్పిన సొంత ప్రయోగాలు ఏవీ వద్దు. కంపెనీ చెప్పిన ఫిల్టరు, కంపెనీ చెప్పిన పంపు, అంతే. బిల్లు లేని ఫిల్టరు దగ్గర మిగిల్చిన డబ్బు ఇంజెక్టర్ల దగ్గర పదింతలు పోతుంది.

ఇక మాకు ఎదురొచ్చే మాటలు. ఇది మెకానిక్ పని, సంఘానికి ఎందుకు అంటారు. అప్పు ఇచ్చేది సంఘమైతే అడిగే హక్కూ సంఘానిదే. ఇల్లు కట్టుకోవడానికి అప్పు ఇస్తే కాగితాలు చూస్తాం, పంపుకు ఇస్తే ప్రెషర్ ఎందుకు చూడం? మెకానిక్‌ను అవమానించినట్టు అవుతుంది అంటారు. మంచి మెకానిక్ గేజీ చూసి సంతోషిస్తాడు, ఎందుకంటే అతని మాటకు సాక్షి అదే. మైకో పంపు నిజంగానే పోతే ఎలా అంటారు. పోతుంది, ఎలిమెంట్లు అరుగుతాయి. అప్పుడు టెస్ట్ బెంచీ ఉన్న చోట క్యాలిబ్రేషన్ చేయించాల్సిందే, దానికి నిధి నుంచి ఆలస్యం లేకుండా ఇవ్వాలి. గేజీ చూపించి అడిగినవాళ్ళకు ముందు ఇవ్వండి అనే మేమూ అంటున్నాం.

అందుకని వచ్చే సమావేశంలో మేము పెట్టబోయేవి మూడు.

ఒకటి, పంపు, నాజిల్ పనులకు అప్పు అడిగే ప్రతి దరఖాస్తుతో ఫిల్టరుకు ముందు, తర్వాత చూసిన ప్రెషర్ అంకెలు, క్యాన్ పరీక్ష ఫలితం ఉండాలి.

రెండు, సంఘం రెండు గేజీ సెట్లు కొని హోసూరులో ఒకటి, కృష్ణగిరిలో ఒకటి ఉంచాలి. ఉగాది వేదిక మీద కప్పే శాలువాలు కొన్ని తగ్గిస్తే ఈ ఖర్చు వచ్చేస్తుంది. శాలువా కప్పించుకునే పెద్దలు దీనికి కోపగించుకోరనే మా నమ్మకం.

మూడు, పైన చెప్పిన వరుసను ఒక్క పేజీలో తెలుగులోనూ తమిళంలోనూ అచ్చువేసి ప్రతి బండికీ ఇవ్వాలి. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడికి పోయిన మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవడం తమిళంలోనే. బడిలో తెలుగు కోసం మన పోరాటం సాగుతూనే ఉండాలి. కానీ ఘాటులో బండి ఆగిన పిల్లవాడికి ఏ లిపిలో అర్థమైతే ఆ లిపిలో చెప్పాలి. ఇంట్లో తాత తెలుగు పేజీ చదివి వినిపిస్తే ఇంకా మంచిది, పిల్లవాడికి అక్షరాలూ వస్తాయి.

దీన్ని వద్దనేవాళ్ళు సమావేశానికి రండి, మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు మీ బండి ప్రెషర్ ఎంతో చూసి రండి.