కెపాసిటర్ ఎక్కడ పెట్టాలి?

మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఈసీఈ చదివిన ఏ కుర్రాణ్ణయినా అడగండి, కప్లింగ్ కెపాసిటర్ ఏం చేస్తుందని. "డీసీని ఆపుతుంది, ఏసీని వదుల్తుంది" అని టక్కున చెప్తాడు. అదే కెపాసిటర్‌ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైను మీద ఎక్కడ పెట్టాలంటే "ట్రాన్స్‌మిటర్ పక్కన" అంటాడు. ఎందుకని అడిగితే మౌనం. తప్పు వాడిది కాదు, ఎందుకో చెప్పినవాళ్ళు లేరు.

నేను రాసేది డ్రైవర్లు. హార్డ్‌వేర్ గొడవ నీకెందుకంటారా? లింకు పూర్తి స్పీడు అందుకోకుండా కిందికి జారిపోతే మొదట తిట్లు తినేది మేమే కదండీ!

అసలు విషయానికొస్తే, ఆ రూలు వెనక ఉన్నది పని పంపకం. మదర్‌బోర్డు ఒకరు చేస్తారు, కార్డు ఇంకొకరు చేస్తారు. ఎవరి ట్రాన్స్‌మిటర్‌కి వాళ్ళు కెపాసిటర్లు పెట్టుకుంటే ప్రతి లైనుకీ ఒకటే పడుతుంది. ఇద్దరూ పెడితే రెండు 220 నానోఫారడ్లు సిరీస్‌లో పడి 110 అవుతాయి. జెన్ 3 నుంచి కావలసిన కనీసం 176. రెండు చిప్పులూ ఒకే బోర్డు మీద ఉంటే ఈ గొడవే లేదు, లైనులో ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

మరి దేనికి భయపడాలి? ప్యాడ్‌కి. సాగర్ ఎడమ కాలువ కింద పొలాలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, సన్నటి పిల్లకాలువ ఒక్కసారిగా వెడల్పయితే అలలో కొంత వెనక్కి తన్నుతుంది. సన్నని ట్రేస్ వచ్చి అరమిల్లీమీటరు వెడల్పున్న 0402 ప్యాడ్ మీద పడితే అక్కడ ఇంపెడెన్స్ పడిపోయి జరిగేదీ ఇదే. జెన్ 1లో (2.5 గిగా) ఒక్కో బిట్ బోర్డు మీద సుమారు 6 సెంటీమీటర్లు పరుచుకుంటుంది. దాని ముందు ప్యాడ్ ఎంత! 2019లో వచ్చిన జెన్ 5లో (32 గిగా) బిట్ పొడవు అర సెంటీమీటరు కూడా లేదు. ఇప్పుడు ఆ ప్యాడే పెద్ద గుంట.

కాబట్టి చిన్న 0201 వాడండి. ప్యాడ్ కింద గ్రౌండ్ ప్లేన్‌లో కిటికీ కోయండి, ఎంత కోయాలో సిమ్యులేషన్‌లో చూసుకోండి. జతలోని రెండు కెపాసిటర్లూ కాడికి కట్టిన ఎడ్లలా పక్కపక్కనే ఉండాలి, ఒకటి ముందూ ఒకటి వెనకా కాదు. కనెక్టర్‌కో వయాకో మరీ చేరువైతే రెండు గుంటల మధ్యా అల అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆ దూరం కూడా చూసుకోవాలి.

2023లో దివిటిపల్లిలో ఒకటి, నల్గొండలో ఒకటి ఐటీ టవర్లు తెరిచారు. సంతోషం. కానీ మన పిల్లలు అందులో కూర్చుని ఎవరో ఇచ్చిన చెక్‌లిస్టుకి టిక్కులు పెడితే అది కూలిపనే. "ఎందుకు?" అని ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగినవాడే రేపు ఆ చెక్‌లిస్టు రాస్తాడు. దానికి కాలేజీలో కోట్ల ల్యాబు అక్కర్లేదు. యాంప్లిఫయర్ బొమ్మ గీసిన బోర్డు మీదే, పక్కన ఇంకో గీత గీసి, "ఇదే కెపాసిటర్ ఇక్కడ పెడితే ఏమవుతుంది?" అని అడిగే మాస్టారు ఒక్కరుంటే చాలు.

ఏమంటారు?