బండి ఎప్పుడొస్తుంది?

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో కొత్త బండికి ముందుగా డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారు ఉండే ఉంటారు. "వచ్చే నెల" అంటారు బండ్లు అమ్మేవారు. ఆ నెల వస్తుంది, బండి రాదు. మళ్లీ వెళ్లి అడిగితే మళ్లీ "వచ్చే నెలే". ఎందుకింత ఆలస్యం? ఇందులో తప్పు ఎవరిది? కోపం తెచ్చుకునే ముందు కొంచెం లెక్క చేద్దాం.

ఒక హాస్టలులో 120 మంది విద్యార్థులున్నారు. తలకు 4 ఇడ్లీలు. మొత్తం 480 కావాలి. వాయికి 80 ఇడ్లీలు, ఒక్కో వాయికి 15 నిమిషాలు పడుతుందనుకోండి. ఆరు వాయిలు కావాలి. అంటే చివరి 20 మందికి గంటన్నర తర్వాతగాని ఇడ్లీలు అందవు. వంటవాడు సోమరి కాడు, పిల్లలు తొందరపాటువారూ కారు. లెక్కే అంత. ఇప్పుడు పిండి రుబ్బే యంత్రం గంటకు రెండు వాయిలకు సరిపడా పిండి మాత్రమే ఇస్తున్నదనుకోండి. అప్పుడు మూడు గంటలు పడుతుంది. మరో పెద్ద పొయ్యి తెచ్చి పెట్టినా లాభం లేదు. అన్ని పనుల్లోకీ ఏది నిదానంగా సాగుతుందో, మొత్తం పని దాని వేగంతోనే సాగుతుంది.

కర్మాగారానికీ ఇదే సూత్రం. ఇందుకు ఉదాహరణ మన పటాన్‌చెరులోనే ఉండేది. హైదరాబాదు నుంచి సంగారెడ్డి వెళ్లే దారిలో ఈ పారిశ్రామిక వాడ ఉన్నది. ఒకప్పుడు ఇక్కడ ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అనే సంస్థ ఉండేది. ఆల్విన్ పుష్పక్ అనే స్కూటరు ఇక్కడిదే. 1980లలో ఇటలీకి చెందిన పియాజియో సహకారంతో వెస్పా పి.ఎల్. 170 కూడా ఈ సంస్థ నుంచే వచ్చింది.

పుష్పక్ స్కూటరు మన ఊరిదే అయినా, దాని గుండె మాత్రం లక్నోది. 1972లో ప్రభుత్వం లక్నోలో స్కూటర్స్ ఇండియా అనే సంస్థను స్థాపించి, ఇటలీలోని లాంబ్రెట్టా స్కూటర్ల యంత్రసామగ్రిని కొని తెచ్చింది. పుష్పక్‌కు ఇంజను అక్కడి నుంచి రావాలి. గుజరాతులో తయారైన గిర్నార్, కర్ణాటకలో తయారైన ఫాల్కన్ స్కూటర్లకూ అదే ఆధారం. పటాన్‌చెరులో రోజుకు 100 స్కూటర్లకు సరిపడా రేకు భాగాలు, 80 స్కూటర్లకు సరిపడా చక్రాలు సిద్ధంగా ఉండి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం నుంచి 30 ఇంజన్లే వచ్చాయనుకుందాం. ఆ రోజు బయటికి వచ్చే స్కూటర్లు 30 మాత్రమే. మిగతా భాగాలన్నీ ఇంజను కోసం ఎదురుచూడవలసిందే.

కారు విషయంలో ఈ చిక్కు మరింత పెద్దది. దానిలో వేలకొద్దీ విడిభాగాలుంటాయి. 2021లో ప్రపంచమంతటా ఎలక్ట్రానిక్ చిప్‌ల కొరత వచ్చింది. వేలి గోరంత చిప్ లేక, దాదాపు పూర్తయిన కార్లు కర్మాగారాల ఆవరణల్లోనే నిలిచిపోయాయి.

అయితే ఒకప్పటి ఆలస్యానికి విడిభాగాలొక్కటే కారణం కాదు. ఆనాడు ఒక సంస్థ ఎన్ని స్కూటర్లు తయారుచేయాలో ప్రభుత్వ లైసెన్సు నిర్ణయించేది. కొనేవారు ఎంత పెరిగినా, అనుమతి లేకుండా ఉత్పత్తి పెంచడానికి వీలుండేది కాదు. అందుకే బజాజ్ చేతక్ కోసం కొందరు పదేళ్ల దాకా ఎదురుచూశారు.

ఇక్కడొక వింత గమనించండి. వరుస పొడవుగా ఉన్నదని తెలియగానే, ఒకే కుటుంబం నాలుగు పేర్లతో డబ్బు కట్టేది. ముందుగా వచ్చిన వంతును లాభానికి అమ్ముకునేవారూ ఉండేవారు. దానితో వరుస ఇంకా పొడవయ్యేది. నిజంగా బండి అవసరమైనవాడు మరింత వెనక్కి పోయేవాడు. ఆలస్యమే ఆలస్యాన్ని పెంచేది!

ఇక డబ్బు సంగతి. 1983లో మారుతి కారుకు రూ. 10,000 చొప్పున ముందుగా కట్టించుకున్నారు. రెండు నెలల్లో దాదాపు 1,35,000 మంది కట్టారు. గుణించి చూడండి: 135 కోట్ల రూపాయలు! ఆ ఏడాది డిసెంబరు 14న మొదటి కారు యజమాని చేతికి వచ్చింది. చివరివారికి రావడానికి ఏళ్లు పట్టింది. ఏ సంస్థ విషయంలోనైనా ఇలా ముందుగా కట్టే సొమ్ము, కొనేవాడు సంస్థకు ఇచ్చిన అప్పు వంటిదే. 135 కోట్లకు ఏడాదికి నూటికి 7 రూపాయల వడ్డీ వేసినా 9 కోట్ల 45 లక్షలవుతుంది. అప్పు తీసుకున్నవాడు ఎప్పుడు తీరుస్తాడో చెప్పనక్కరలేదా?

ఆ కాలం పోయింది, లైసెన్సుల బాధ తొలగింది. కాని వరుసలు పోలేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదులోనూ కర్మాగారం గల మహీంద్రా సంస్థ, నాసిక్‌లో తయారయ్యే థార్ రాక్స్ అనే కారుకు 2024 అక్టోబరు 3న బుకింగులు తెరిచింది. మొదటి గంటలోనే 1,76,218 మంది పేరు నమోదు చేసుకున్నారు. అటువంటి బండి నెలకు 6,000 చొప్పున తయారవుతుందనుకుంటే, ఎవరూ మానుకోకపోతే, చివరివారి వంతు ఎప్పుడు? భాగించి చూడండి. 29 నెలలు దాటుతుంది. ఒక్క గంటలో పట్టిన వరుస అది!

"అయితే కర్మాగారాన్ని తొందరపెట్టాలి" అని మీలో కొందరు అనవచ్చు. నేను ఒప్పుకోను. 2022లో మన దేశంలో అనేక విద్యుత్ స్కూటర్లకు నిప్పంటుకున్నది. ప్రాణాలు కూడా పోయాయి. ఆ తర్వాత ప్రభుత్వం బ్యాటరీల పరీక్షా నిబంధనలను కఠినం చేసింది. 2022 డిసెంబరు 1 నుంచి వాటిని దశలవారీగా అమలులోకి తెచ్చింది. బ్యాటరీని వేడిచేసి, కుదిపి, ఎక్కువ ఛార్జి చేసి పరీక్షించడానికి సమయం పడుతుంది. ఆ సమయాన్ని మనం సంతోషంగా ఇవ్వాలి. పరీక్ష కోసం ఆగిన బండి ఆలస్యంగానైనా క్షేమంగా ఇల్లు చేరుతుంది.

నా అభ్యంతరమల్లా లెక్క దాచడం మీదనే. ఆలస్యమవుతుందని సంస్థకు ముందే తెలుసు. రోజుకు ఎన్ని బండ్లు వస్తున్నాయో, ఏ భాగం కొరతగా ఉన్నదో దానికి తెలియకపోదు. తెలియనిది డబ్బు కట్టినవాడికే. ఆ బండితో పాలు పోసేవాడో, కూరగాయలు తెచ్చేవాడో, పాశమైలారంలో రాత్రి డ్యూటీకి వెళ్లే కార్మికుడో ఎదురుచూస్తుంటే, "వచ్చే నెల" అన్న మాట వలన అతడికి నష్టమే. ఆరు నెలలు పడుతుందని నిజం చెబితే, అతడు ఓ పాత బండి కొనుక్కునేవాడు, లేదా డబ్బు వెనక్కి తీసుకునేవాడు. పైగా చాలాచోట్ల డబ్బు కట్టిన నాటి ధర గాక, బండి చేతికి వచ్చిన నాటి ధర చెల్లించాలి. అతడు ఎదురుచూస్తుండగానే ధర పెరిగిపోవచ్చు.

అందుచేత ముందుగా డబ్బు తీసుకునే ప్రతి సంస్థ మూడు సంగతులు రాసి ఇవ్వాలని నా అభిప్రాయం. ఒకటి, వరుసలో మీ సంఖ్య ఎంత. రెండు, గత నెలలో ఎన్ని బండ్లు కర్మాగారం దాటాయి. మూడు, గడువు దాటితే వడ్డీ ఎంత, డబ్బు వాపసు ఎన్ని రోజుల్లో. మొదటి సంఖ్యను రెండో సంఖ్యతో భాగిస్తే ఎన్ని నెలలో తేలిపోతుంది. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు.

మన దేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉన్నది. అన్యాయం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కాని ఫిర్యాదుకు పనికివచ్చేది నోటిమాట కాదు, రశీదు, రాతపూర్వకమైన హామీ.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా బండికి డబ్బు కట్టబోతే మీరూ వెంట వెళ్లండి. ఆ మూడు సంగతులు అడగండి. చెప్పింది రశీదు మీదనే రాయించండి. రాయడానికి వెనుకాడితే, డబ్బు కట్టే ముందు మరోసారి ఆలోచించమని మీ పెద్దలకు చెప్పండి.