ఆడవాళ్ల గుండెనొప్పికి గ్యాస్ మాత్రేనా?

శనక్కాయ చేలో కలుపు తీస్తుంటేనో, బోరు దగ్గర్నుంచి బిందె మోస్తుంటేనో ఎద పట్టేస్తుంది. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. అనంతపురం పల్లెల్లో ఇలాంటి ఆడమనిషికి తరచు దొరికే వైద్యం ఒక గ్యాస్ మాత్ర. అదే నొప్పి మగవాడికొస్తే ఇంటిల్లిపాదీ ఆటో కోసం పరుగెత్తుతారు.

శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే ఈ నొప్పిని డాక్టర్లు యాంజైనా అంటారు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాలు సన్నబడితే, పని పెరిగినప్పుడు రక్తం చాలదు. ఆడవాళ్లలో అది దవడకో వీపుకో పాకవచ్చు. ఒక్కోసారి నొప్పే లేకుండా ఆయాసంగా, వికారంగా, ఎన్నడూ లేని నీరసంగా కనబడుతుంది. "వయసు మీద పడింది" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. అయినా కూర్చునే తీరికే లేని మనిషికి, కూర్చుంటే తగ్గుతుందో లేదో తెలిసేదెలా?

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. గుండె ఆపరేషన్లకు డబ్బు కడుతుంది, మంచిదే. కానీ ఇ.సి.జి. కూడా తీయని ఆడమనిషి ఆ గడప దాకా ఎలా చేరుతుంది? ఆస్పత్రిలో ఇ.సి.జి. అడగడం మన హక్కు. నొప్పి లేని వేళ తీసినది మామూలుగా వచ్చినంత మాత్రాన గుండె బాగుందని కాదు; తర్వాతి పరీక్షలేమిటో అడగాలి. బి.పి., షుగర్ చూపించుకోవాలి. ఇంట్లో బీడీ పొగ వద్దని మగవాళ్లకు చెప్పడమూ ఇందులో భాగమే.

విశ్రాంతి తీసుకున్నా నొప్పి తగ్గక చెమటలు పడితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. భర్త చేను నుంచి వచ్చేదాకా ఆగనక్కర్లేదు.