ముందు ఆ పిల్లలు బతకాలి

2018 సెప్టెంబర్ 14, మిర్యాలగూడ. కడుపుతో ఉన్న భార్య అమృతకు చెకప్ చేయించి ప్రణయ్, అతని తల్లి ఆమెతో కలిసి ఆస్పత్రి గేటు దాటుతున్నారు. వెనక నుంచి వచ్చినవాడు ప్రణయ్ మెడ మీద నరికాడు. సీసీ కెమెరాకు చిక్కిన ఆ కొన్ని క్షణాలను రాష్ట్రమంతా చూసింది. అమ్మాయి వైశ్యుల బిడ్డ, అబ్బాయి దళితుడు. బడి నాటి స్నేహం. అమ్మాయి తండ్రి మారుతీరావే కోటి రూపాయలకు బేరమాడి చంపించాడని పోలీసులు తేల్చారు.

"ఎంతైనా కన్నతండ్రి గదా, ఆయన బాధ ఆయనది" అన్న మాట అప్పట్లో తరచూ వినపడేది. బిడ్డ కళ్లముందే ఆమె భర్తను నరికించడాన్ని ప్రేమ ఖాతాలో రాసిన ఆ మాటను నేనింకా క్షమించలేకపోతున్నాను.

మారుతీరావు 2020లో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు నరికినవాడికి ఉరి, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. న్యాయం జరిగిందనే అనుకున్నాను. కానీ అంతకు ఆరు వారాల కిందటే సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి వద్ద మూసీ కాలువ కట్ట మీద మరో దళిత యువకుడి శవం దొరికింది. అతనిదీ కులం దాటిన పెళ్లే.

ప్రణయ్ హత్యకు దాదాపు ఆరు నెలల ముందే, 2018 మార్చి 27న, శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటల రక్షణకు దారి చూపింది. ప్రతి జిల్లాలో ఎస్పీ, సంక్షేమాధికారులతో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలంది. జిల్లా కేంద్రంలో సేఫ్ హౌస్ పెట్టే ఆలోచన చేయమంది. మరి స్టేషన్లో సాధారణంగా జరిగేదేమిటి? ప్రాణభయంతో వచ్చిన జంటను కూర్చోబెట్టి, ఎవరికి భయపడి వచ్చారో వాళ్లనే పిలిపిస్తారు. కౌన్సెలింగ్ అంటారు, కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు, పంపేస్తారు. మతాలు వేరైన జంట 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి దరఖాస్తు పెడితే వాళ్ల వివరాలతో నోటీసు 30 రోజులు ఆఫీసు గోడ మీద ఉంటుంది. వెతికేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

జంటలో ఒకరు దళితులైతే కులాంతర వివాహానికి ప్రభుత్వం రెండున్నర లక్షలు ఇస్తోంది. మంచిదే. ముందు ఆ పిల్లలు బతకాలి. రాత్రి పది గంటలకు నల్గొండ బస్టాండులో ఒక్క సంచితో దిగిన జంటకు ఏ నంబరుకు ఫోన్ చేయాలో కనబడాలి. కల్యాణలక్ష్మి పథకం పోస్టరంత పెద్ద అక్షరాలతో ఆ నంబరును బస్టాండు గోడ మీద రాయించండి. ఫోనెత్తినవాళ్లు ముందు కులం అడగకుండా, "ఎక్కడున్నారమ్మా? అక్కడే ఉండండి, బండి పంపుతున్నాం" అనాలి.